మెరుపుకు కాదు, పనికి వెల పెట్టండి

కడప నుండి ఒక పాఠక సోదరుడు వ్రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. ఆయన దర్జీ. కుమారుడు ఇంటర్మీడియట్ పూర్తి చేసి ఇంజనీరింగ్‌లో చేరబోతున్నాడు. దుకాణం రాబడి నుండి రెండేళ్లుగా మిగిల్చిన 70,000 రూపాయలు ఇంట్లో ఉన్నాయి. అబ్బాయి గేమింగ్ కంప్యూటర్ అడిగాడు. తండ్రీకొడుకులు ఒక దుకాణానికి వెళ్తే, అక్కడివారు అద్దాల పెట్టెలో రంగురంగుల దీపాలు తిరుగుతున్న యంత్రాన్ని చూపించి 85,000 అన్నారట. తక్కువపడిన 15,000కు “నో కాస్ట్ ఈఎంఐ” పెట్టుకోవచ్చని కూడా చెప్పారట. “మౌలానా సాహెబ్, ఆ పెట్టె లోపల ఏమున్నదో నాకు తెలియదు. మా వాడికీ పూర్తిగా తెలిసినట్టు లేదు. కానీ అదే కావాలని పట్టుబడుతున్నాడు. వారం రోజులుగా ఇంట్లో మాటలు లేవు. ఇది దుబారా అవుతుందా? కాకపోతే ఎలా ఎంచుకోవాలి?” అని ఆయన అడుగుతున్నారు.

మదరసా ఉపాధ్యాయులకు ఈ సంగతులతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. మా విద్యార్థుల కంప్యూటర్ తరగతికి యంత్రాలను విడిభాగాలుగా కొని కూర్పించే బాధ్యత కొన్నేళ్లుగా మా మీదనే ఉన్నది. పది రూపాయలు ఎక్కడ పెడితే పని జరుగుతుందో, ఎక్కడ పెడితే మెరుపు మాత్రమే మిగులుతుందో ఆ విధంగా తెలుసుకున్నాము.

ఆటల విషయానికి వస్తే, హద్దులు దాటని వినోదానికి మన జీవితంలో చోటున్నది. పందెం లేకుండా, అశ్లీలం లేకుండా, నమాజును, చదువును, నిద్రను మింగకుండా సాగే ఆటను మేము కాదనము. పైగా ఆ కంప్యూటర్ మీదనే అబ్బాయి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటాడు, ప్రాజెక్టులు చేస్తాడు. కాబట్టి ఈ ఉత్తరంలో దుబారా ప్రశ్న ‘కొనాలా, వద్దా’ అన్న చోట లేదు. పని చేయని భాగానికి ఎంత పోస్తున్నాము అన్న చోట ఉన్నది.

ముందుగా సంకల్పం

ఏ పనికైనా నియ్యత్ స్పష్టంగా ఉండాలి. కంప్యూటర్ కొనుగోలులో దాని అర్థం రెండు ప్రశ్నలు: ఏ ఆటలు ఆడాలి? ఎంత తెర మీద ఆడాలి? దుకాణానికి వెళ్లకముందే వీటికి జవాబు కాగితం మీద ఉండాలి.

తెర నుండి మొదలుపెడదాము. 1080 అని పిలిచే తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి, మొత్తం 20,73,600. 1440 తెరలో 36,86,400. 4కే తెరలో 82,94,400, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగింతలు. ఆట సాగుతున్నంతసేపూ ఆ చుక్కలన్నింటినీ సెకనుకు 60 సార్లో, అంతకంటే ఎక్కువో కొత్తగా గీయాలి. తెర పెద్దదయ్యేకొద్దీ లోపలి యంత్రం మీద పడే బరువు ఈ లెక్కన పెరుగుతుంది. 70,000లో కొనేవారికి 24 అంగుళాల 1080 తెర చాలు. హెర్ట్జ్ అనే అంకె ఆ తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మార్చగలదో చెబుతుంది. 60 ఉన్నదానికంటే 100 ఉన్నది కంటికి హాయిగా ఉంటుంది. ధరలో తేడా తక్కువే.

ఇక ఆటలు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటివి ఉచితంగా దొరుకుతాయి. తక్కువ సెట్టింగులలో మామూలు యంత్రం మీద కూడా నడుస్తాయి. ఫోర్జా హొరైజన్ 5 వంటి కార్ల పందేలలో కొండలు, వాన, నీడలు అన్నీ గీయాలి కనుక అక్కడ గ్రాఫిక్స్ కార్డు బలం కావాలి. అబ్బాయి ఆడే ఆటలు మొదటి కోవలోవే అయితే ఖర్చు సగానికి సగం తగ్గే అవకాశమున్నది.

జోడెడ్ల బండి

కంప్యూటర్ ఆటలో ప్రధానమైన పనులు రెండు. బంతి ఎటు వెళ్లింది, ఎదుటివాడు ఎక్కడున్నాడు, గోడను తాకిందా లేదా అన్న లెక్కలన్నీ ప్రాసెసర్ చేస్తుంది. ఆ లెక్కలను బొమ్మగా గీసి తెరకు పంపేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు 60 బొమ్మలు రావాలంటే ఈ రెండు పనులూ ఒక్కొక్క బొమ్మకు సుమారు 16.7 మిల్లీసెకన్లలో ముగియాలి.

బండికి ఒకవైపు మేలుజాతి ఒంగోలు గిత్తను, మరొకవైపు బక్కెద్దును కడితే బండి నడిచేది బక్కెద్దు నడకే. గిత్తకు పెట్టిన సొమ్ము వృథా. అంగళ్లలో ఈ పొరపాటు రెండు విధాలుగా జరుగుతున్నది. ఒకటి, “ఐ7 ప్రాసెసర్” అన్న పేరు చూపి, 2011 నాటి ఐ7-2600 వంటి పాత సరుకును గేమింగ్ యంత్రమని అంటగట్టడం. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లో కూడా అన్నే కోర్లు, అంటే 4 ఉన్నాయి. వేగంలో అది ఆ పాత ఐ7ను చాలా వెనుకకు నెడుతుంది. పేరులోని 3, 7 కంటే ఆ తరువాత వచ్చే తరం అంకె ముఖ్యం. రెండవది, “4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నది” అని చెప్పి 2014 నాటి జీటీ 730 వంటి కార్డును బిగించడం. జీబీ అన్నది కార్డులోని జ్ఞాపకం ఎంతో చెబుతుంది. అది ఎంత వేగంగా గీయగలదో చెప్పదు. ఎరువుల గోదాము ఎంత పెద్దదో చూసి పంట దిగుబడి చెప్పలేము కదా!

ఈ బడ్జెట్‌కు తగిన జోడీలను పేర్లతో చెబుతాము. ప్రాసెసర్‌గా 6 కోర్ల రైజెన్ 5 5600, లేదా పైన చెప్పిన ఐ3-12100ఎఫ్. గ్రాఫిక్స్ కార్డుగా రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600. దీనిలో 8 జీబీ జ్ఞాపకం, విద్యుత్ వాడకం 132 వాట్లు. తగ్గింపు ధరలో దొరికితే జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 3060 కూడా మంచిదే. 12 జీబీ, 170 వాట్లు. అయితే ఇదే పేరుతో 8 జీబీ రకం కూడా ఒకటి తరువాత వచ్చింది. దాని వేగం తక్కువ కనుక డబ్బా మీద 12 అని చూసి తీసుకోవాలి.

పేరు చివరి అక్షరాలను కూడా గమనించాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే దానిలో సొంత చిత్రణ శక్తి ఉండదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర వెలగదు. రైజెన్ 5 5600జీ చివరి ‘జీ’ అక్షరం సొంత చిత్రణ శక్తి ఉన్నదని తెలుపుతుంది. ఈ అక్షరం ఎందుకు ముఖ్యమో కొంచెం ముందుకు వెళ్లాక చెబుతాము.

కనిపించని భాగాలు

మదర్‌బోర్డు: ప్రాసెసర్ కూర్చునే గూడు బోర్డు మీద ఉంటుంది. ఏఎమ్4 గూడులో ఇంటెల్ ప్రాసెసర్ కూర్చోదు. కొత్తదైన ఏఎమ్5 ప్రాసెసర్ కూడా కూర్చోదు. ఏఎమ్4 మీద మొదటి రైజెన్‌లు 2017లో వచ్చాయి. ఇప్పుడు చివరి దశలో ఉన్నది కనుక చవక. 2022లో వచ్చిన ఏఎమ్5కు ముందు ముందు కొత్త ప్రాసెసర్లు మార్చుకునే వీలున్నది, కానీ ప్రారంభపు ఖర్చు ఎక్కువ. 70,000లో ఏఎమ్4 న్యాయమైన ఎంపిక అని మా అభిప్రాయం. బీ450 రకం పాత బోర్డు ఇస్తే, రైజెన్ 5000 వరుసకు బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని ముందే మాట తీసుకోండి.

ర్యామ్: 16 జీబీ అవసరం. దానిని 8 జీబీ చొప్పున రెండుగా కొని, బోర్డు పుస్తకంలో చూపిన గాడులలో పెట్టించాలి. రెండు దారులలో నీరు పారినట్లు సమాచారం వేగంగా నడుస్తుంది. డీడీఆర్4కూ డీడీఆర్5కూ గాడి కోత వేరు. ఒకదానిలో మరొకటి దిగదు. 2025 చివరి నెలల నుండి ర్యామ్ ధరలు బాగా పెరిగినందున నిరుటి ధరలను నమ్మి లెక్క వేయకండి. బిగించాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అమరికను తెరిపించుకోవాలి. లేకుంటే 3,200 వేగానికి డబ్బు కట్టి, అంతకంటే తక్కువ వేగంతో సరిపెట్టుకున్నట్లే.

ఎస్‌ఎస్‌డీ: గిరగిర తిరిగే హార్డ్ డిస్కులో ఆటను నడపడం నేడు సమయాన్ని వృథా చేసుకోవడమే. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీతో మొదలుపెట్టవచ్చు. చాలకపోతే తరువాత మరొకటి చేర్చవచ్చు.

ఎస్‌ఎంపీఎస్: మేము అన్నింటికంటే గట్టిగా చెప్పదలచినది దీని గురించే. గోడలోని విద్యుత్తును 12 వోల్టులు మొదలైన వాటిగా మార్చి ప్రతి భాగానికీ అందించేది ఇదే. దీనికి దీపాలుండవు, ఎవరూ దీన్ని చూపి గొప్ప చెప్పుకోరు. అందుకే అమ్మేవారు ముందుగా కోత పెట్టేది ఇక్కడే. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ తాను పోతే పోనీ, బోర్డునూ గ్రాఫిక్స్ కార్డునూ వెంట తీసుకుపోగలదు.

దానిని పరీక్షించే సులభమైన విధానం ఒకటున్నది. ప్రక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లని వ్రాశారో చూడండి. దాన్ని 12తో గుణించండి. 38 ఆంపియర్లుంటే 456 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఈ దారిలోనే తీసుకుంటాయి. డబ్బా మీద 500 వాట్లని పెద్ద అక్షరాలతో ఉండి, 12 వోల్టుల కింద 20 ఆంపియర్లే ఉంటే, మీకు పనికివచ్చేది 240 వాట్లు. మిగిలినది కాగితం మీది బలం. కార్డుకు 132, ప్రాసెసర్‌కు 80, 90, తక్కిన వాటికి 50 అనుకున్నా మొత్తం 280 దాటదు. కొంత అదనంగా ఉండాలి కనుక పేరున్న సంస్థవారి 500, 550 వాట్లది సరిపోతుంది. 80 ప్లస్ ముద్ర గోడ నుండి తీసుకున్న విద్యుత్తులో ఎంత శాతం వృథా కాకుండా లోపలికి చేరుతుందో తెలిపేది. అది ఉండటం మంచిదే కానీ, వారంటీ ఎన్నేళ్లో కూడా అడగండి.

యూపీఎస్, ఎర్తింగ్: మన ఊళ్లలో కరెంటు హఠాత్తుగా పోవడం, వోల్టేజీ ఊగడం తెలిసినదే. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల భారాన్ని మోస్తుంది. అది ఆట కొనసాగించడానికి కాదు. పని భద్రపరచి కంప్యూటర్‌ను మర్యాదగా ఆర్పడానికి. మూడు పిన్నుల ప్లగ్గులో మూడవదానికి ఇంట్లో నిజంగా ఎర్తింగ్ ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

క్యాబినెట్: రాయలసీమ వేసవి మీకు మేము చెప్పనవసరం లేదు. ముందువైపు పూర్తిగా అద్దం ఉన్న పెట్టెలో గాలి ఆడదు. వేడి మితిమీరితే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. జల్లెడ వంటి ముఖం, ముందు గాలి పీల్చేవి రెండు, వెనుక వదిలేది ఒకటిగా ఫ్యాన్లు ఉన్న సాదా పెట్టె మేలు. దీపాలు చల్లబరచవు.

అప్పు, అంగడి, అసలు సరుకు

ఈఎంఐ సంగతి మనకు ప్రత్యేకంగా సంబంధించినది. “నో కాస్ట్” అన్నప్పటికీ బ్యాంకు వడ్డీ లెక్క కడుతూనే ఉంటుంది. ఆ మేరకు విక్రేత ధరలో ముందుగా తగ్గింపు ఇస్తాడు. కార్డు లెక్కలలో వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ ప్రత్యేకంగా కనిపిస్తాయి. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. పేరు మారినంత మాత్రాన లావాదేవీ స్వభావం మారదు. 15,000 కోసం ఆ తలుపు తట్టకుండా ఆగగలిగే మార్గం ఉన్నప్పుడు ఆగడమే మంచిది. ఆ మార్గం తరువాత చెబుతాము.

కొనుగోలుకు సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మీకు దగ్గరలో బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్ ఉన్నాయి. కనీసం మూడు దుకాణాలలో ధర వ్రాసుకోండి. మొత్తం యంత్రానికి ఒకే అంకె చెబితే అంగీకరించకండి. ప్రతి భాగం పేరు, మోడల్, సీరియల్ నంబరు విడివిడిగా వ్రాసిన జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు లేకుండా ఇస్తే తగ్గుతుందనే మాట వినకండి. ఆ తగ్గింపుతో పాటు వారంటీ కూడా తగ్గుతుంది.

పాత గ్రాఫిక్స్ కార్డులు చవకగా కనిపిస్తాయి. 2022 సెప్టెంబరు వరకు ఈథీరియం అనే డిజిటల్ ద్రవ్యాన్ని తవ్వడానికి రాత్రింబవళ్లు నడిపిన కార్డులు ఆ తరువాత అంగళ్లకు వచ్చాయి. వారంటీ మిగిలి ఉండి, మీ కళ్ల ముందు అరగంట ఆట నడిపి చూపిస్తే ఆలోచించవచ్చు. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం పాతది కొనకండి.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అవసరం, విండోస్ 11 మీద వాలరెంట్ కూడా దానినీ సెక్యూర్ బూట్‌నూ అడుగుతుంది. పాత కంప్యూటర్‌ను “గేమింగ్‌కు పనికొస్తుంది” అని అమ్మేవారిని ఈ ఒక్క ప్రశ్న అడిగితే సగం బేరాలు అక్కడే తేలిపోతాయి. విండోస్‌నూ ఆటలనూ దొంగ ప్రతులుగా వేయించడం ఇతరుల కష్టార్జితాన్ని తీసుకోవడమే. ఉచితంగా దొరికే ఆటలున్నాయి. స్టీమ్‌లో ఏడాదిలో పలుమార్లు తగ్గింపులుంటాయి. ఓపిక పట్టేవారికి హలాల్ దారి ఖరీదైనది కాదు.

70,000 పంపకం

ఇవి ధరలు కావు. ఒక్కొక్క భాగానికి మేము సూచించే హద్దులు. గ్రాఫిక్స్ కార్డు 21,000. ప్రాసెసర్ 9,000. మదర్‌బోర్డు 7,000. ర్యామ్ 8,500. ఎస్‌ఎస్‌డీ 5,000. ఎస్‌ఎంపీఎస్ 4,500. క్యాబినెట్ 3,500. తెర 7,500. కీబోర్డు, మౌస్ 1,000. యూపీఎస్ 3,000. కూడితే సరిగ్గా 70,000. పదింట మూడు వంతులు గ్రాఫిక్స్ కార్డుకే వెళ్లిందని గమనించండి. ఆటకు న్యాయం చేసేది అదే. విండోస్ లైసెన్సుకు వేరుగా డబ్బు కావాలి. అంతవరకు లినక్స్ ఉచితం. స్టీమ్‌లోని చాలా ఆటలు దానిమీద నడుస్తాయి, వాలరెంట్ మాత్రం నడవదు.

కొనే రోజున ర్యామ్ ధరో, మరొకటో హద్దు దాటితే అప్పు చేయనవసరం లేదు. ఇందాక వాయిదా వేసిన ‘జీ’ అక్షరం ఇక్కడ ఉపయోగపడుతుంది. గ్రాఫిక్స్ కార్డును ప్రస్తుతానికి వదిలి, రైజెన్ 5 5600జీ తీసుకోండి. వాలరెంట్ వంటి తేలిక ఆటలు, కాలేజీ పనులు అన్నీ దానిమీద సాగుతాయి. ఖర్చు సుమారు 49,000 దగ్గర ఆగుతుంది. 21,000 ఇంట్లోనే ఉంటుంది. ఏడాది తరువాత, మొదటి సంవత్సరం ఫలితాలు చూసుకుని, కార్డు కొని అదే పెట్టెలో బిగించవచ్చు. ఇందుకు రెండు షరతులు: ఎస్‌ఎంపీఎస్‌ను ఇప్పుడే రాబోయే కార్డుకు సరిపడేది కొనాలి; ర్యామ్ తప్పనిసరిగా రెండుగా ఉండాలి, ఎందుకంటే ఈ ప్రాసెసర్ బొమ్మలు గీయడానికి కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది. కడప సోదరునికి మా సిఫారసు ఈ రెండవ మార్గమే. అబ్బాయి కోరిక తీరుతుంది, ఇంటి మీద వడ్డీ పడదు, కాలేజీ ఫీజు వేళకు చేతిలో కొంత మిగులుతుంది.

ఇక అబ్బాయికి కూడా ఒక మాట. నాయనా, ఆ 70,000 మీ అబ్బా కుట్టు మిషను మీద రెండేళ్లు వంగి దాచినవి. దుకాణంవాడు చూపిన అద్దాల పెట్టెను కోరడం తేలిక. ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గడులు గీయి: భాగం పేరు, అది చేసే పని, మూడు దుకాణాల ధర. పది వరుసలు నింపు. నింపాక దాన్ని దుకాణానికి కాదు, ముందుగా వంటింట్లోకి తీసుకువెళ్లు. మీ అమ్మీకి ఒక్కొక్క వరుసా చదివి, అది ఎందుకు కావాలో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పు. తల్లిదండ్రులకు మా విన్నపం కూడా అదే: కసురుకోకుండా వినండి, తెలియనిది అడగండి. వారం రోజులుగా ఆగిన మాటలు ఈ కాగితం దగ్గర మళ్లీ మొదలు కావచ్చు. ఏ భాగం పనిని వాడు అమ్మకు చెప్పగలిగాడో దానికి నిశ్చింతగా డబ్బు ఇవ్వండి. చెప్పలేకపోయిన దానిని ఆ కాగితంలోనే కొట్టివేయండి.